తెల్ల రేకుల వరసలో నూట డెబ్బై

రాజనర్సుది మెట్‌పల్లి దిక్కు ఊరు. ఖతర్ల పదకొండేండ్లు పని చేసిండు గని ఊర్ల ఎవ్వలనడిగినా ‘దుబాయ్ రాజనర్సు’ అనే అంటరు. అది దుబాయ్ గాదు, ఖతర్ వేరే దేశం అని మొదట్ల చెప్పి చూసిండు. చెప్పి చెప్పి నోరు నొచ్చి ఇడిసిపెట్టిండు. ఇగ ఆయన ముచ్చట చెప్పాల్నంటే కాంక్రీటు కాడ మొదలుపెట్టాలె. ఆ మనిషి అక్కడ దాసిన ఒక్క తప్పు, కాంక్రీటుకు భయపడి దాసిందే.

డెబ్బై ఎనిమిదిల పోయిండు. నూనె పైసలతోని దోహా దినాం కొత్తగ లేస్తున్న కాలం. ముషైరిబ్‌ల పాత ఇండ్లు కూలగొట్టుడు, ఆ జాగల మేడలు కట్టుడు. రాజనర్సు పని తట్టల కాంక్రీటు ఎత్తి పైకి అందిచ్చుడు. సిమెంటు తిని చేతి ఏళ్ల సందులు పగిలినయ్, గోర్లు ఊడినయ్. ఎండకాలం తెల్లారకముందే డ్యూటీ ఎక్కినా పదింటికల్లా కండ్లు బైర్లు కమ్మేటియి. క్యాంప్‌ల పక్క మంచం మీది పోశన్న, జగిత్యాల మనిషి, ఒకనాడు ఎండదెబ్బకు పడి మల్ల లేవలే. ఆయన సామాన్ల పెట్టెకు తాళం ఏసి, మీద ఊరి పేరు రాయిచ్చింది రాజనర్సే. ఆనాటి సంది కాంక్రీటు మిషిని తిరిగే చప్పుడు ఇంటే ఆయన కండ్ల ముంగట ఆ పెట్టెనే కనబడేది.

రెండేండ్లకు నక్క తోక తొక్కినట్టయింది. అల్ ముంతజాల ఉన్న సర్కారు నర్సరీకి కంపెనీ నలుగురు మనుషులను పంపాల్సి వచ్చింది. నర్సరీ మేస్త్రీ గులాం నబీ, మన కోరుట్లాయనే, క్యాంప్‌కచ్చి అందరిని వరసగ నిలబెట్టి ఎవుసం ఎవనికి వస్తదని తెలుగుల అడిగిండు. రాజనర్సు చెయ్యి అందరికంటే ముందు లేసింది. ఎందుకు లేవది? ఊర్ల ఆయనది విత్తనం వడ్ల ఎవుసం. తినే వడ్లు వేరు, విత్తనం వడ్లు వేరు. విత్తనం మడిల వేరే రకం మొక్క ఒక్కటి ఉన్నా పీకి పారెయ్యాలె. వాటిని బెరుకులంటరు. ఆకు వాలిన తీరు చూసి, గట్టు మీదికెల్లే బెరుకును పట్టేటోడు రాజనర్సు. అసొంటోనికి నర్సరీ దొరికితే ఇంకేం కావాలె? మట్టి వాసన చూసినంక మనిషి మల్ల మనిషైండు. ఊరికి రాసిన జాబుల, ఇగ నా పానానికి డోకా లేదు అని పెండ్లాం ముత్తవ్వకు రాయిచ్చిండు.

ఎనభై ఒకటిల నర్సరీకి ఒక జర్మన్ సారు వచ్చిండు. ఆయన అసలు పేరుకు ఎవ్వని నోరూ తిరగలే, అందరికీ జర్మన్ సారే. అడవుల చదువు చదివినోడు. సన్నటి మనిషి, ఎండకు మూతి ఎర్రగ కాలి ఉండేది. సైగలు, నాలుగు హిందీ మాటలు, మిగిలింది గులాం నబీ ఇంగ్లీషు, గట్ల నడిచేది పని. దేశానికి ఆ కొసన, రువైస్ కాడ, సముద్రపొడ్డుకు ఒక బురద తీరం ఉండేది. సర్కారు ఆఫీసోళ్లు దాన్ని రాళ్లతోని పూడ్చి సాపు చెయ్యాలని చూస్తున్నరు. జర్మన్ సారు అడ్డం పడి, అక్కడ మడచెట్లు పెడుదాం, చేపలకు నీడైతది, ఒడ్డు కోసుకపోదు అన్నడు. మడచెట్టంటే ఉప్పు నీళ్లల్ల బతికే చెట్టు. సముద్రం పొంగినప్పుడు సగం దాకా మునుగుతది, నీళ్లు తీసినప్పుడు బురదల నిలబడుతది. ఆఫీసోళ్లు ఒక మాట పెట్టిన్రు. ఈ నేల విత్తనం మొక్కలు ఒక చలికాలం దాటేసరికి పదింట ఎనిమిది నిలబడితే తీరమంత చెట్లకు ఇస్తం, లేకపోతే రాళ్లే. బయటి విత్తనం సంచులకు సంచులు దొరుకుతది గనుక దాన్ని కూడా పక్క వరసలల్ల నాటి చూడుమన్నరు. ఆ రకం నాలుగు వందలు, ఈ రకం నాలుగు వందలు. ఈ నేలవాటికి గుర్తుగ తెల్ల రేకు ముక్క, బయటివాటికి ఎర్ర రేకు ముక్క.

ఈ నేల విత్తనం తెచ్చుటానికి సెప్టెంబర్ల అల్ ధఖీరా కాడి పాత మడ అడవికి రాజనర్సునే తోలిన్రు. మోకాళ్ల దాక బురదల దిగి, చెట్టు చెట్టుకు ఇన్నిన్ని ఏరిండు. బొబ్బర గింజంత గాదు, రేగుపండంత ఉంటది ఒక్కోటి, ఆకుపచ్చగ, మెత్తగ. మొక్కలు పెంచే చిన్న సంచులల్ల మట్టి నింపుడు ఇంకా కాలే, నాలుగు రోజులు దాయమని గులాం నబీ చెప్పిండు. జర్మన్ సారు ఆ వారం లేడు. ఇగ రాజనర్సు ఏం చేసిండు? తాతల సంది ఏం చేస్తున్నరో అదే చేసిండు. నర్సరీ ఎనుక తాడిపత్రి పట్టా పరిచి, విత్తనమంత పలుసగ ఆరబోసిండు. పొద్దుకు రెండుసార్లు కాలుతోని తిరగేసిండు. పచ్చి విత్తనం దాస్తే బూజు పడుతదని మెట్‌పల్లిల చంటిపిల్లకు కూడా తెలుసు. పంటికింద పెడితే కట్టుమనాలె, గప్పుడు అది విత్తనం. నాలుగోనాడు ముడుతలు పడి తేలికైనయ్. చూసి సంతోషపడ్డడు.

పెట్టిన నాలుగు వందలల్ల రెండు వందల ముప్పై మొలిచినయ్. నూట డెబ్బై సంచులు బోడిగ ఉన్నయ్. ఎందుకో ఆయనకు తెల్వలే. పది రోజులకు సముద్రం అవతలి బొంబాయి ఒడ్డు నుంచి తడి గోనెసంచులల్ల బయటి విత్తనం విమానం దిగింది. అప్పటికి జర్మన్ సారు వచ్చి ఉన్నడు. ఆయన దాన్ని నేల మీద పెట్టనియ్యలే. సంచుల మీద నీళ్లు కొట్టుకుంటనే ఆ పూటే నాటించిండు. ఇది వడ్లసొంటిది గాదు, తల్లిచెట్టు మీదనే లోపల మొలక తయారై రాలుతది, ఎండితే లోపలి పిల్ల సస్తది అని గులాం నబీ నోట చెప్పించిండు. రాజనర్సు గోడ దిక్కు చూసిండు. ఆరబోసిన తాడిపత్రి ఇంకా గోడకు చుట్టి నిలబెట్టి ఉంది. నూట డెబ్బై పిల్లల పీక తన కాలుతోనే తొక్కినట్టు అనిపిచ్చింది.

చెప్పేది ఉండె. చెప్తే ఏమైతది? ఎవుసం రాదని అంటరు. నర్సరీకి ఎవుసం వచ్చినోడు కావాలె గని రానోడు ఎందుకు? మల్ల తట్ట, మల్ల కాంక్రీటు, మల్ల పోశన్న మంచం పక్క మంచం. ఇంకో దిక్కు బయటి విత్తనం మొక్కలు ఎక్కువనే మొలిచి, మిగిలినయ్ మూలకు పడి ఉన్నయ్. ఆయన ఊర్ల నాటేసినంక వారానికి ఆడోళ్లు మడిల దిగి, మొక్క సచ్చిన సందుల కొత్త నారు పెడుతరు. ముత్తవ్వకు ఆ పనిల మస్తు పేరు. ఆమె తిరిగిన మడిల అరచెయ్యంత ఖాళీ కనబడదు. సందున్న మడి ఇజ్జత్ తక్కువ మడి. నాలుగు దినాలల్ల, చాయ్ యాళ్లకు ఇన్ని, నమాజు యాళ్లకు ఇన్ని, నూట డెబ్బై బోడి సంచులల్ల రాజనర్సు బయటి మొక్కలు పెట్టిండు. తెల్ల రేకులు తెల్లగనే ఉన్నయ్. గులాం నబీ చూసిండు, చూడనట్టు మొకం తిప్పిండు.

నవంబర్ ఆఖరుకు రువైస్ బురదల నాటిన్రు. ఒక వరస తెల్ల రేకులు, ఒక వరస ఎర్ర రేకులు. పని అయినంక ఒడ్డున చేపల పడవల పక్క కూసుండి చాయ్ తాగుతుంటే, జర్మన్ సారు పర్సులకెల్లి ఒక ఫొటో తీసిండు. నున్నటి బూడిద రంగు మాన్లు, మీద ఆకాశం కనబడకుండ ఆకు. బీచ్ అనే చెట్టు అది, వాళ్ల దిక్కు కొండలన్ని అదే అడవి. ఆ చెట్టు ఏటేటా కాయదట. మూడేండ్లు, ఐదేండ్లు ఊకుండి, ఒక యేడు అడవంత ఒక్కసారే కాస్తదట. ఎలుకలు, అడవి పందులు తిని తిని అలిసిపోయినంక కూడా గింజ మిగులుతదట, అది మొలుస్తదట. మొలిచిన పిల్లలు తల్లి నీడల మోకాలెత్తుల ఇరవై, ముప్పై ఏండ్లు అట్లనే కూసుంటయట. పెద్ద చెట్టు కూలి మీద ఎలుగు పడ్డనాడు జివ్వున లేస్తయట. ముప్పై ఏండ్లు మోకాలెత్తుల కూసునుడేందని రాజనర్సుకు నమ్మబుద్ది కాలే. ఊర్ల తమ్ముడు ఎల్లయ్య నయం, ఇరవై ఐదేండ్లకైనా పనికి లేసిండు అని గులాం నబీతోని పరాచికమాడిండు.

నవ్వినంక జర్మన్ సారు వాళ్ల నాయన ముచ్చట చెప్పిండు. ఆయన కూడా అడవి పనోడే. ఒక కొండవాలుకు ఎక్కడిదో సులువుగ దొరికిన బీచ్ విత్తనం తెచ్చి నాటిండు. అది ఎత్తు కొండల విత్తనం. ఏ చెట్టు ఎప్పుడు ఆకు ఇప్పాలో దాని నెత్తురుల రాసి ఉంటది, నేల మారినా లెక్క మారదు. కొండ మీద చలి ఎక్కువ గనుక, కొంచెం వేడి తగలంగనే ఆకు తియ్యాలని దాని అలవాటు. కింద నాటితే అది అందరికంటే ముందే ఆకు ఇప్పింది. ఎనుకకెల్లి మంచు పడి లేత ఆకు మాడింది. ఏటా ఇంతే. చెట్లన్ని వంకరలు పోయినయ్. నాయన చనిపోయినంక, విత్తనం ఎక్కడిదో రాసిన పాత కాయితం దొరికితేనే ఆ సంగతి తెలిసిందట. అందుకే నాకు రేకు ముక్క అంటే పానం అని సారు నవ్విండు. రాజనర్సు చాయ్ గిలాస పక్కకు పెట్టిండు. పంటల తప్పు చేస్తే నాలుగు నెలలకు బయటపడుతది, అడవిల తప్పు తాత చేస్తే మనుమడు చూస్తడు అని ఆయనకు అప్పుడు ఎరుకైంది.

జనవరిల ఉత్తరం గాలి వచ్చింది. ఖతర్ల చలేందని నవ్వుతరు గని, తడి బురద మీద ఆ గాలి తొమ్మిది దినాలు కొడితే ఎముకలు కొరుకుతది. పదోనాడు పొద్దెక్కినంక ముగ్గురు రువైస్‌కు పోయి చూసేసరికి ఎర్ర రేకుల వరసలు నల్లగ మాడి ఉన్నయ్, కాగులు పెట్టిన వంట పొయ్యిల తీరు. తెల్ల రేకుల వరసలు మధ్య మధ్యల పండ్లు ఊడిన నోరులెక్క ఉన్నయ్. జర్మన్ సారు లెక్కపెట్టిండు. మల్లొకసారి లెక్కపెట్టిండు. పదింట ఆరు నిలబడ్డయ్. లెక్క రాసిన కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. తర్వాత గులాం నబీతోని అన్నది ఇంతే, ఈ నేల విత్తనం ఈ నేల చలికి ఆగుతదని నేను అనుకున్న, నా అంచనా తప్పింది, రేపు ఆఫీసుకు రాసిస్త. అంటే నెల తిరగకముందే రాళ్ల లారీలు వస్తయ్.

రాజనర్సు గులాం నబీని పడవల ఎనుకకు పిలిచిండు. మాడినయ్ ఈ నేలవి కావు, నేను పెట్టిన బెరుకులు, సారుకు నువ్వే చెప్పాలె నబీ భాయ్ అని బతిమాలిండు. గులాం నబీ గడ్డం గోక్కున్నడు. ఆయనకు ఆడబిడ్డలు ముగ్గురు, మేస్త్రీ కొలువు పోతే ఆయన గతీ అంతే. "నర్సన్నా, చెప్తే ఇద్దరం పోతం. చెప్పకపోతే నాలుగు మొక్కలు పోతయ్. నేనైతే ఈ మాట తర్జుమా చెయ్య," అని తెగేసి చెప్పిండు. తప్పు బట్టేటట్టు లేదు ఆయనను. నూట డెబ్బై సంచులు నింపినప్పుడు మొకం తిప్పుకున్నందుకు లోలోపల ఆయనకు దండం పెట్టుకున్నది రాజనర్సే కదా.

భాషేమో రాదు. చెప్పేటోడు చెప్పనన్నడు. రాజనర్సు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి బురదల దిగిండు. తెల్ల రేకుల మొదటి వరస పట్టిండు. ఊర్ల విత్తనం మడిల నడిచినట్టే నడిచిండు, నడుము వంచి, కండ్లు ఆకు మీద పెట్టి. మూడో మొక్క పీకిండు. ఏడోది పీకిండు. తొమ్మిది, పది. మాడినదాన్ని పీకిండు, ఇంకా పచ్చగ ఉన్నదాన్ని కూడా పీకిండు. జర్మన్ సారు ఉరికొచ్చి చెయ్యి పట్టుకుని గట్టిగ ఏదో అన్నడు. రాజనర్సు ఇడిసిపెట్టలే. పచ్చగ ఉన్న ఆ పీకిన మొక్కను తీసుకపోయి, ఎర్ర రేకుల వరసల సగం మాడిన మొక్క పక్క పెట్టిండు. రెండిటికీ ఆకు సన్నగ, పొడుగ్గ, కాడ ఎర్రగ. ఇటు తెల్ల వరసల నిలబడ్డ మొక్కను చూపిచ్చిండు. దానికి ఆకు పొట్టిగ, మందంగ, కాడ బూడిద రంగు. సారు మోకాళ్ల మీద కూసున్నడు. మూడిటినీ చేతులల్ల తిప్పి తిప్పి చూసిండు. తర్వాత తలెత్తి గులాం నబీని పిలిచిండు. ఇగ గులాం నబీకి తర్జుమా తప్పలే.

ఎన్ని అని అడిగిండు. నూట డెబ్బై. ఎందుకు అని అడిగిండు. సందు కనబడితే నా చెయ్యి ఊకుండదు సార్, మా దిక్కు అట్లనే చేస్తం అన్నడు రాజనర్సు. అది అబద్ధం కాదు గని నిజం కూడా కాదు. సారు ఇంకా చూస్తనే ఉన్నడు. రాజనర్సు బురద చేతులు అంగికి తుడుసుకున్నడు.

"విత్తనం ఎండబెట్టి సంపింది నేనే సార్. మల్ల కాంక్రీటుకు పంపుతరని భయపడ్డ. అందుకే దాసిన."

గులాం నబీ ఈసారి ఒక్క ముక్క ఇడువకుండ చెప్పిండు. జర్మన్ సారు తిట్టలే. అది ఇంకా కష్టమనిపిచ్చింది. మొత్తం పీకుమన్నడు, పచ్చివి కూడా. సాయంత్రం దాక రాజనర్సు పీకుతుంటే ఆయన ఎనుక నడుసుకుంట రాసుకున్నడు. నూట డెబ్బై తీసినంక మిగిలిన రెండు వందల ముప్పైల సచ్చినయ్ తొమ్మిదే. మాడిన ఈ నేల మొక్క ఒక్కటీ లేని వరసలు కూడా ఉన్నయ్. సారు మొకం ఎలిగింది. రాజనర్సు చెయ్యి ఎప్పటి అలవాటుతోని, పక్కకు పడి ఉన్న ఒక మంచి మొక్కను తీసి ఖాళీ సందుల పెట్టబోయింది. సారు ఆ చెయ్యి మెల్లగ పక్కకు జరిపిండు. "సందును సందులెక్కనే ఉండనియ్యి. అది నింపుడు నీ పని గాదు, నా పని గాదు," అని గులాం నబీ నోట చెప్పించిండు.

ఆఫీసుకు సారు ఉన్నదున్నట్టు రాసిండు. రాయకపోతే నూట డెబ్బై సందులకు జవాబు లేదు. తప్పు చేసినోడే తప్పు బయటపెట్టిండు, ఈ మనిషిని నాకు ఉంచుండ్రి అని కూడా కింద రాసిండట. ఆఫీసోళ్లు పై ముక్క చదివి తీరాన్ని చెట్లకిచ్చిన్రు. కంపెనీ కింది ముక్క చదవలే. వారానికి రాజనర్సు పెట్టె సర్దుకుని క్యాంప్ మారిండు. మల్ల ముషైరిబ్, మల్ల తట్ట. గులాం నబీ పేరు రాజనర్సు ఎక్కడా ఎత్తలే, ఆయన కొలువు ఆయనకు ఉన్నది. మొదటి నెల రోజులు రాజనర్సు అన్నం సరిగ తినలే. తర్వాత తిన్నడు. అలవాటైతది మనిషికి, అలవాటు కానిదంటూ ఏముంది? ఏడేండ్లు కాంక్రీటు మోసిండు. నర్సరీ ముంగట బస్సు పోయినప్పుడల్లా ఆ దిక్కు కిటికీ కాడ కూసునేటోడు గాదు.

ఎనభై తొమ్మిదిల, ఇగ మల్ల రాకుండ ఊరికి పోయే ముందు, సెప్టెంబర్ల ఒక శుక్రవారం గులాం నబీ పికప్ ఏసుకుని క్యాంప్‌కచ్చిండు. గడ్డం సగం నెరిసింది. ఎక్కడికని చెప్పలే, ఎక్కుమన్నడు. రువైస్ దాక ఇద్దరూ ముత్తవ్వ గురించి, కోరుట్ల వానల గురించి మాట్లాడుకున్నరు. జర్మన్ సారు దేశం పోయి మూడేండ్లయిందట.

సముద్రం నీళ్లు తీసి ఉంది. తీరం పొడుగుత మనిషెత్తు చెట్లు. రాజనర్సు చెప్పులిడిసి దిగిండు. మొదటి వరస ఎక్కడో ఆయనకు కండ్లు మూసినా తెలుసు. మూడో జాగ సందు కావాలె. చూస్తే అక్కడ మోకాలెత్తు పిల్లమొక్కలు నాలుగు. ఏడో జాగల రెండు. తొమ్మిది, పదిల నడుమెత్తుకచ్చిన ఒక మొక్క, దాని కింద చిన్నవి గుంపు. పక్క చెట్ల కాయలు రాలి, నీళ్లు తెచ్చి ఆపి, వాటికవే మొలిచినయ్. రాజనర్సు నడుము వంచి ఆకు ఆకు చూసుకుంట వరస ఆ కొస దాక పోయిండు. ఈ కొసకు వచ్చిండు. అన్నీ పొట్టి ఆకులే, బూడిద కాడలే. ఒడ్డు మీదికెల్లి గులాం నబీ, ఏం పోగొట్టుకున్నవని దేవులాడుతున్నవు అని కేకేసిండు.

"నేను చేసిన తప్పు ఎక్కడుందో చూస్తున్న భాయ్. దొరుకుతలేదు," అన్నడు రాజనర్సు. ఆ మాట అనుకుంటనే ఆయనకు ఏడుపు ఆగలే. నలభై ఆరేండ్ల మనిషి, బురదల నిలబడి, మొకం కప్పుకోకుండ ఏడ్చిండు.

కాళ్ల కాడ ఒక పచ్చికాయ రాలి ఉంది. ఎవుసమోని చెయ్యి కదా, వంగి తీసుకుని అంగి జేబుల ఏసుకున్నది. ముత్తవ్వకు చూపెట్టాలె అనుకున్నడు. ఒడ్డు దాక పోయినంక ఆగిండు. మెట్‌పల్లికి పోయేసరికి ఎండిపోతది. వెనుకకు వచ్చి దాన్ని తీసి బురద మీద, పడ్డ జాగలనే పెట్టి, చేతులు కడుక్కుని బండెక్కిండు.